వీపు వెనక మాట

జగిత్యాల కోర్టు బోనులో భర్త కనకయ్య నిలబడి ఉంటే, వెనక బెంచీ మీద సుజాత ఒదిగి కూర్చుంది.

తెలంగాణ రాస్తారోకోలో పట్టుకుపోయిన కనకయ్యను జైలు వార్డర్లు చెవుల మీద కొట్టారు. వినికిడి పోయిందని అప్పట్లో డాక్టరు కూడా రాసిచ్చాడు. ఖైదీ అయితే మాత్రం మనిషి కాడా అని కనకయ్య వాళ్ల మీద దావా వేశాడు. ఆ వార్డర్లిద్దరూ ఇప్పుడు గోడకానుకుని సుజాతనే చూస్తున్నారు. కేసు ఓడితే వీళ్లు తమను సిరిసిల్లలో బతకనిస్తారా అని ఆమె భయం.

వార్డర్ల వకీలు ప్రశ్న మీద ప్రశ్న వేశాడు. కనకయ్య అన్నిటికీ తడుముకోకుండా జవాబు చెప్పాడు.

"చూశారా సార్? ఈయన చెవులు నిక్షేపంగా ఉన్నాయి," అన్నాడు వకీలు.

"పెదవులు చూసి చెప్తున్న సార్," అన్నాడు కనకయ్య. "సాంచల మోతల మాట ఇనబడదు. మగ్గాల షెడ్డుల మేమందరం గిట్లనే మాట్లాడుకుంటం."

వకీలు నవ్వుకుని, మెల్లగా నడిచి కనకయ్య వీపు వెనక నిలబడ్డాడు.

"కనకయ్యా, ఇప్పుడే ఫోనొచ్చింది. కోరుట్లలో మీ బిడ్డ ఎక్కిన ఆటోను లారీ గుద్దిందట. బతకడం కష్టమట."

కోరుట్లలో అమ్మమ్మ ఇంట్లో ఉండి చదువుతున్న రాధిక రోజూ ఆటోలోనే బడికి పోతుంది. సుజాత కేక పెట్టి వరండాలోకి పరుగెత్తింది. తల్లికి ఫోన్ చేసింది.

"ఇయ్యాల బడులు బందు పెట్టిన్రు గదా," అంది తల్లి. "పిల్ల ఇంట్లనే ఉన్నది. ఎందుకేడుస్తున్నవ్?"

సుజాత కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి వచ్చింది. కనకయ్య తల కూడా తిప్పలేదు. పొద్దుటి నుంచీ బోను కర్రను గట్టిగా పట్టుకునే ఉన్నాడు, పాపం.

"ఇక చాలు," అన్నాడు జడ్జి వకీలుతో. "వినబడే ఏ తండ్రీ ఇలా నిలబడలేడు."

వార్డర్ల ముఖాల్లో నెత్తురు చుక్క లేదు.

ఆ పాడు అబద్ధాన్ని భర్తకు చెప్పకూడదనుకుంది సుజాత. బస్టాండులో సిరిసిల్ల బస్సు కదలబోతోంది. రమ్మని సైగ చేసింది.

కనకయ్య ఆమె చెయ్యి పట్టి కోరుట్ల బస్సు వైపు లాగుతూ అడిగాడు: "లారీ గుద్దినంక రాధిక పాణంతోటి ఉన్నదా?"