నాలుగో వైపు

అక్క కాలేజీలో లెక్కల లెక్చరర్. చెల్లెలు పదో తరగతి తప్పి కుట్టుమిషను పట్టుకుంది.

ఓ సెలవు రోజు అక్క చెల్లెలి టైలరింగు కొట్లో కూర్చుని, అట్టముక్కను మడిచి పెట్టె చేసి చూపించింది. "ఆరు చదరాలు మడిస్తే పెట్టె అయింది కదా. అలాగే ఎనిమిది పెట్టెల్ని పొడవు, వెడల్పు, ఎత్తు కాకుండా నాలుగో వైపుకి మడిస్తే ఇంకో ఆకారం వస్తుంది. లెక్క కట్టగలం గానీ ఊహించుకోవడం మనిషి తరం కాదే. ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతున్నా, నాకే కనిపించలేదు."

చెల్లెలు కాసేపు కళ్ళు మూసుకుంది. "నాకు కనిపించిందక్కా," అంది.

అక్కకి వారం రోజులు ముద్ద దిగలేదు. కళ్ళు మూస్తే పెట్టెలు విడిపోవడమే గానీ మడతపడడం లేదు. కత్తెర పట్టేదానికి కనిపించింది తనకెందుకు కనిపించదు? చివరికి అభిమానం చంపుకుని మళ్ళీ కొట్టుకి వచ్చింది.

"నిజం చెప్పవే. ఏ పక్కకి మడిచావు?"

చెల్లెలు మిషను ఆపి అక్క మొహంలోకి చూసింది.

"నాకేం కనిపించలేదక్కా. అబద్ధం చెప్పా. చిన్నప్పట్నుంచి నీకొచ్చినవేవీ నాకు రాలేదు. నాకొచ్చింది నీకు రాలేదని నువ్వు కుళ్ళుకుంటే, ఒక్కసారి నీ మొహం చూడాలనిపించింది."

అక్క స్టూలు లాక్కుని చెల్లెలి ఎదురుగా కూర్చుంది.

"చూశావుగా. ఎలా ఉంది?"

"ఏం బాలేదక్కా. అచ్చం నా మొహంలాగే ఉంది."