ఇన్నయ్య గదిలో పూజ

"పొద్దుగూకేసరికి గది ఖాళీ చెయ్యి ఇన్నయ్యా. నా ఇంట్ల సారాదుకాణం నడవనియ్య."

చిట్కుల్‌లో కొమురయ్యకు కిరాయి గదులున్నాయి. చివరి గదిలో ఇన్నయ్య, అతని భార్య మరియమ్మ ఉంటారు. ఇన్నయ్య పటాన్‌చెరు ఫ్యాక్టరీలో లేతు మిషన్ మీద పనివాడు. నెలకో ఆదివారం సంగారెడ్డి నుంచి ఫాదర్ మోటారుసైకిల్ మీద వచ్చి ఆ గదిలోనే పూజ చెప్తాడు. ఇవాళ ఆ ఆదివారమే. వచ్చినవాళ్లు అప్పటికే చాప మీద కూర్చున్నారు.

"సారా ఎక్కడిది పటేలా?"

"ద్రాక్షసారా తాగుతరంట. మనిషి మాంసం తింటరంట. చచ్చినోళ్లను పిలుస్తరంట. పూజ పూజకు మీ దేవుణ్ణి మల్ల చంపుతరంట. ఊరంత గదే ముచ్చట."

"మల్ల చంపుడు లేదు. ఆయన ఒక్కసారే పానమిచ్చిండు. ఆ బలినే దేవుని ముంగట పెడ్తం."

రాధమ్మ నిమ్మకాయ నీళ్లు తెచ్చి భర్త చేతికిచ్చింది. రోజూ పొద్దున ఇచ్చేవే. కొమురయ్య గటగటా తాగి మూతి తుడుచుకున్నాడు.

"మరి మాంసం సంగతేంది?"

"నీ కండ్లకు పల్చటి గోధుమ అప్పమే కనిపిస్తది. పూజల అది మా దేవుని శరీరమైతది."

"ఉత్త రొట్టె అని ఒక్క మాట అను. ఊరోళ్లకు నేను చెప్పుకుంట. గదిల ఉండు."

మరియమ్మ భర్త వంక చూసింది. ఆమెకు నెలలు నిండాయి. పూజ చెప్పించుకునేవాళ్లకు ఆ ఊళ్లో ఇంకో గది దొరకదు.

"అనను," అన్నాడు ఇన్నయ్య. "పొద్దుగూకితె సామాను తీస్త. పూజ మాత్రం ఆగది. నమ్మకుంటె కూసోని సూడు."

కొమురయ్య గడప మీద కూర్చున్నాడు. రాధమ్మ గోడవారగా నిలబడింది.

పూజ మొదలైంది. కొంతసేపటికి ఫాదర్ గిన్నెలో ద్రాక్షరసం పోశాడు. కొమురయ్య మెడ చాచి చూశాడు. గిన్నె అడుగు తడిసిందో లేదో.

"గింతేనా? అందరికా?"

"ఫాదర్ ఒక్కడికే," అన్నాడు ఇన్నయ్య మెల్లగా.

కొమురయ్య ముఖంలో కోపం పోయి నిరాశ కనిపించింది.

ఫాదర్ చేతులు చాచాడు. "ప్రభువా, ఈ పూజ ఎవరి కోసం అర్పిస్తున్నామో, ఆ కొమురయ్యను తలచుకో."

కొమురయ్య దిగ్గున లేచాడు. ఫాదర్ ఆగిపోయాడు.

"నేనింక బతికే ఉన్న. ఇప్పుడే పిండం పెడ్తున్నవా ఇన్నయ్యా? ఇది చచ్చినోళ్లకు గదా."

"బతికున్నోళ్లకు గూడ చెప్పిస్తరు పటేలా. కాని నేను చెప్పించలే. నీ పేరు నేను గూడ ఇప్పుడే విన్న."

"మరెవరు?"

రాధమ్మ కొంగు దోపుకుని ముందుకొచ్చింది.

"సామాను ఆడనే ఉండని ఇన్నయ్యా," అంది. తర్వాత మొగుడి వైపు తిరిగింది. "ఫాదర్‌ను అడిగి నేనే చెప్పించిన. నీకు పిండం పెట్టే రోజు రాకముందే సీసా ఇడుస్తవేమో అని."