మనోడు

సముద్రం నడిమి దీవిలో, తెలుగు జాలర్లుండే హోప్ టౌన్ బడిలో తుఫాను శిబిరం పెట్టారు.

మెట్ల మీద ఎవరో హిందీ కుర్రాడు. పాతికేళ్ళుంటాయి. ఎవరు ఏ పిల్లని బయటికి తీసుకెళ్ళబోయినా అడ్డం నిలబడుతున్నాడు.

"మన పిల్లల్ని తీసుకెల్డానికి ఈడి పర్మిషనేటి?" అన్నాడు నూకన్న.

శిబిరానికి పెద్ద అతనే. పెద్ద అంటే, అన్నం డేగిసా దగ్గర అందరికంటే ముందు నిలబడేవాడు.

"పిల్లల దొంగలాగున్నాడు. ఆ సూపు సూడు," అంది ఒక ముసలమ్మ.

పక్కింటి పైడిబాబు కూతురు కళ ఆమె దగ్గరే ఉంది. ఆరేళ్ళది. తల్లి పోయింది. వేటకెళ్ళిన తండ్రి బోటు ఇంకా ఒడ్డుకి రాలేదు.

మధ్యాహ్నం వాన తగ్గాక తెల్లచొక్కా వాడొకడు వచ్చాడు. చేతిలో బిస్కెట్ పొట్లం.

"కళకి మేనమావనండి. శ్రీకాకులం నుంచొచ్చినాను. మా బావ బోటు అవతలొడ్డుకి సేరింది. పాపని తెమ్మన్నాడు."

మెట్ల మీదివాడు దిగ్గున లేచాడు.

"పహలే బచ్చీ సే పూఛో," అన్నాడు. ముందు పాపని అడగమని.

ఈయన తెలుసా అని తనే వంగి అడిగాడు. "బేటా, ఇన్‌కో జాన్‌తీ హో?"

కళ తల అడ్డంగా ఊపింది.

"సిన్నపిల్ల, దానికేటి తెలుస్తాది," అంది ముసలమ్మ.

"హటో భయ్యా, తప్పుకో," అన్నాడు నూకన్న. "మన బాస మాటాడతన్నాడు, ఇనబడ్లేదేటి? మనోడు."

హిందీవాడు కదల్లేదు. నలుగురు కలిసి మెట్ల మీంచి తోసేశారు. బురదలో పడ్డాడు. అందరూ నవ్వారు. కళని తెల్లచొక్కావాడి చేతిలో పెట్టి, దారిలో తినమని రెండు అరటిపళ్ళు కూడా ఇచ్చారు.

పడ్డవాడు లేచి, కుంటుకుంటూ వాళ్ళ వెనకే పోయాడు.

కాసేపటికి పైడిబాబు వచ్చాడు, తడిసి ముద్దై.

"నా కూతురేదీ?"

"మీ బావమరిది వచ్చి తీసుకెల్నాడు కదేటి."

"బావమరిదేటి? దాని తల్లికి తోడబుట్టినోడే లేడు."

అందరూ జెట్టీకి పరిగెత్తారు.

ఫెర్రీ ఎక్కే చోట జనం. మధ్యలో హిందీవాడు పడి ఉన్నాడు. తల పగిలింది. కళ అతని చేతుల్లోంచి రావడం లేదు.

"పాపని లాక్కుంటన్నాడు. దాని మావ దొంగ దొంగని అరిసినాడు. మేం నాలుగు తగిలించినాం," అన్నాడు ఒకడు. చేతిలో తెడ్డు ఇంకా ఉంది.

"మరి ఆ మావేడీ?"

ఎవరూ చూడలేదు. కొట్టడంలో తీరిక ఎక్కడిది.

పైడిబాబు ఆ చేతులు విడదీసి కూతుర్ని తీసుకున్నాడు. హిందీవాడి చేతులు అప్పటికే చల్లబడ్డాయి.

కానిస్టేబుల్ గణపతి వచ్చి, ముఖం మీది రక్తం తుడిచి చూశాడు.

"ఇతనా? మొన్న స్టేషన్‌కి వచ్చాడు. సునామీ శిబిరం నుంచి ఇతన్ని ఎవడో ఎత్తుకెళ్ళి, సముద్రం అవతల ఉత్తరాదిలో అమ్మేశాడట. అప్పటికి ఐదేళ్ళు. అమ్మానాన్నల్ని వెతుక్కుంటూ వచ్చాడు."

"ఏ శిబిరం?" అన్నాడు నూకన్న.

"మీ బడే."

ముసలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మనోడైతే మరి తెలుగులో సెప్పొచ్చు కదా," అని గొణిగాడు నూకన్న, ఇంకా సిగ్గు రాక.

"తెలుగంతా మరిచిపోయాడు," అన్నాడు గణపతి. "ఒక్క మాటే గుర్తుందన్నాడు, తనని ఎత్తుకెళ్ళినవాడు ఆ బడి మెట్ల మీద చెప్పిన మాట, 'మేనమావనండి'."