గంటన్నర దూరం

రాలిన్స్ దగ్గర డెల్ఫినో కారును పెట్రోలు బంకులోకి తిప్పగానే ఒఫీలియా వంగి ముల్లు చూసింది. ట్యాంకు సగానికి పైగానే ఉంది.

"ఇప్పుడెందుకు ఆపావు?"

"ముందు దారిలో ఈదురుగాలి ఎక్కువ. ట్యాంకు నిండుగా ఉంటే మంచిది."

పెట్రోలు పట్టాక అతను తాపీగా అద్దాలు తుడవసాగాడు. ముందుది, వెనకది, ఆఖరికి పక్కవి కూడా. భర్త తీరు చూస్తుంటే ఆమెకి ఒళ్లు మండిపోయింది.

డెన్వర్ నుంచి సాల్ట్ లేక్ సిటీకి విమానంలో గంటన్నర. రోడ్డు మీద ఎనిమిది గంటలు, అదీ మంచు పడకపోతే. పొద్దున ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. డెల్ఫినో పెరట్లోకి వెళ్లి చాలాసేపు మాట్లాడి వచ్చాడు. తమ్ముడు ఎలిసెయోకి తలలో నరం చిట్లిందట, రమ్మన్నారట. అంతే చెప్పాడు. ఆమె టికెట్లు చూస్తుంటే వద్దని, కారు తాళాలు తీసుకున్నాడు.

ఇరవై ఏళ్లు ఈ రోడ్డు మీదే లారీ తోలిన మనిషి. ఆమెకి నొప్పులొచ్చిన రాత్రి మంచు తుఫానులో, వెనక పోలీసులు తరుముతున్నా ఆపకుండా ఆస్పత్రికి చేర్చిన మనిషి. ఇవాళ పాల ట్యాంకర్లు కూడా అతన్ని దాటిపోతున్నాయి.

కారణం ఆమెకి తెలియనిది కాదు. తల్లి పోయాక ఎలిసెయోని ఎత్తుకుని పెంచింది డెల్ఫినోనే. ఆ ఎలిసెయోనే తండ్రి గొర్రెల మందను అన్నకి ఒక్క మాటైనా చెప్పకుండా అమ్మేశాడు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

రాక్ స్ప్రింగ్స్‌లో మళ్లీ ఆపాడు. ఆకలన్నాడు. భోజనమయ్యాక తీపికని ఒక ముక్క 'ఆపిల్ పై' తెప్పించాడు. కప్పులో కాఫీ అయిపోతే మళ్లీ పోయించుకున్నాడు. ఒఫీలియా ఇక పట్టలేకపోయింది.

"ఆ గొర్రెల కోపం ఇంకా చల్లారలేదా నీకు?"

అతను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

"వాడు కళ్లు మూసేలోపు ఒక్కసారి చూడాలని లేదూ? రేపు నేను చావుబతుకుల్లో ఉన్నా ఇలాగే ఆపిల్ పై తింటూ కూర్చుంటావు కాబోలు."

"తినలేదుగా" అన్నాడు డెల్ఫినో.

నిజమే. ముక్క పళ్లెంలో అలాగే ఉంది.

ఎవాన్‌స్టన్ దాటి కొండల్లోకి దిగుతుంటే ఎండ పల్చబడింది. ఊరు దగ్గరపడేకొద్దీ కారు మరీ నెమ్మదించింది. ఒకచోట రోడ్డు పక్కకి తీసి, కారాపి, స్టీరింగు మీద తల ఆనించాడు. కళ్లు మూతలు పడుతున్నాయన్నాడు. అతని భుజాలు వణుకుతున్నాయి. చలికేమోననుకుని ఆమె హీటరు పెంచింది.

అప్పుడే అతని ఫోను మోగింది. అతను తలెత్తలేదు. ఒఫీలియా తీసింది. ఆస్పత్రి నర్సు. ఎక్కడిదాకా వచ్చారని అడిగింది.

ఒఫీలియాకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆలస్యానికి క్షమించమంది. తన భర్తకి ఒంట్లో బాగాలేదని అబద్ధమాడింది. ఇంకో గంటలో వచ్చేస్తామంది.

"అందాకా ఎలాగైనా వాడి ప్రాణం నిలబెట్టు తల్లీ. అన్నదమ్ములు ఒక్కసారి చూసుకోవాలి."



"డాక్టరుగారు పొద్దునే సార్‌కి అంతా చెప్పారు కదమ్మా" అంది నర్సు మెల్లగా. "తొందరేం లేదు. మీరొచ్చాకే వెంటిలేటర్ తీసేస్తాం."