నలభయ్యో పేజీ సిపాయి

కొత్త చరిత్ర పుస్తకాల కట్ట విప్పగానే టీచరమ్మకి మొదట కనిపించింది మొగుడి మొహం.

నలభయ్యో పేజీ. పేజీ నిండా ఫోటో. వంతెన మీద జనం ఎక్కడివాళ్లక్కడే కూలిపోయి ఉన్నారు. వాళ్లకెదురుగా పరాయి సర్కారు సిపాయి ఒకడు మోకాలి మీద కూర్చుని తుపాకి గురిపెట్టాడు. టోపీ కింద అదే గద్దముక్కు, తమ్మె చీలిన అదే ఎడమ చెవి. ఎనిమిదేళ్లుగా కాపురం చేస్తున్న మనిషిని టోపీ పెట్టినంతమాత్రాన పోల్చుకోలేదా?

ఫోటో కింద పెద్ద అక్షరాలు. 'ఈ ముఖం మరవకండి. హంతకులు నేటికీ మన మధ్యే ఉన్నారు.'

పెద్దమాస్టారు ఆ పేజీని వేలితో తట్టి మురిసిపోయారు. పాత పుస్తకాల్లో పరాయివాళ్లు ఆ కాల్పుల్ని చిన్న అలజడి అని ఒక్క ముక్కలో తేల్చేశారట. స్వతంత్రం వచ్చి మన చరిత్ర మనం రాసుకుంటున్నాం కాబట్టి ఇప్పుడు నిజాలు బయటికొస్తున్నాయట. అంతటి కాల్పుల మధ్య నిలబడి ఫోటో తీశాడంటే వాడిది ఎంత గుండె అయ్యుండాలి అన్నారు. రేపు పొద్దున ఈ పాఠంతోనే మొదలుపెట్టమన్నారు. ఆ సిపాయి ఎవరో తెలిసినవాళ్లు వెంటనే ఠాణాలో చెప్పాలని పిల్లలకి మరీ మరీ చెప్పమన్నారు.

డ్రిల్లు మాస్టారు ఫోటో చూశారు. తర్వాత ఆమెని చూశారు. ఆ చూపు కాస్త ఎక్కువసేపే నిలిచినట్టనిపించి ఆమె పుస్తకం మూసేసింది.

ఇంటికి నడుస్తూ దారంతా పాతవన్నీ తవ్వుకుంది. పెళ్లికి ముందు ఏం చేసేవారని ఎప్పుడడిగినా, ఏవో చిన్నాచితకా పనులులే అని దాటేసేవాడు. సినిమాకి వెళ్దామంటే చాలు, తలనొప్పి ఎక్కణ్ణించి ఊడిపడేదో ఊడిపడేది. ఓసారి బజార్లో ఎవడో 'ఏరా సిపాయీ' అని కేకేస్తే, వినపడనట్టు పక్కసందులోకి తిరిగేశాడు. అప్పుడు నవ్వి ఊరుకుంది, పిచ్చిది.

మందులషాపాయన ఎదురొచ్చి, మా గడియారం అయిందేమో మీవారిని అడగండమ్మా అంటే అందులోనూ ఏదో వెటకారం వినిపించింది. ఇన్నాళ్లూ తను ఎవరికి వండిపెట్టింది? తలుచుకుంటే అసహ్యం వేసింది. అంతకంటే, అతన్ని పట్టుకుపోతారేమోనన్న దిగులు ఎక్కువైంది. అందుకు తనమీద తనకే ఒళ్లు మండింది.

ఇంటి ముందుగదే గడియారాల కొట్టు. అతను కంటికి భూతద్దం తగిలించుకుని ఓ గోడగడియారం పొట్ట విప్పి కూర్చున్నాడు. ఆమె తలుపు గడియ వేసి, పుస్తకం తెరిచి అతని ముందు పెట్టింది.

అతను చూశాడు. భూతద్దం తీసి మళ్లీ చూశాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఈ పుస్తకం ఎన్ని బళ్లకి వెళ్లింది?"

"దేశంలో అన్ని బళ్లకీ."

"వెనక్కి తెప్పించే వీల్లేదా?"

దాంతో ఆమెకి మిగిలిన కాస్త ఆశా చచ్చిపోయింది. ఏ తప్పూ చేయనివాడు ఇలా అడుగుతాడా? మొదటిసారి అతని పక్కన నిలబడటానికి భయమేసి, రెండడుగులు వెనక్కి వేసింది.

"నిజం చెప్పండి. రేపు క్లాసులో ఈ పేజీ తెరవాల్సింది నేనే. ఆ రోజు మీరు ఎంతమందిని చంపారు?"

అతను తలుపు వైపోసారి చూసి, గొంతు బాగా తగ్గించాడు.

"చంపడమేంటే నీ మొహం, మీ నాన్నకి సినిమావాళ్లంటే గిట్టదని ఇన్నాళ్లూ చెప్పలేదుగానీ, డైరెక్టరు 'కట్' అనగానే ఈ చచ్చినవాళ్లంతా లేచి నాకంటే ముందే భోజనాలకి పరిగెత్తారు."