జంట రాక్షసులు

“మగ్గాల వీధికా? వద్దు సార్!” గంగాధర ఉన్నపళాన కుర్చీలోంచి లేచాడు.

మేనేజరు దేవసహాయం నోట్లోంచి చుట్ట తీశాడు. “ఎందుకు వద్దు?”

ధర్మవరం సినిమాహాలు ఆఫీసు గదిలో ఇద్దరే ఉన్నారు. బయట పబ్లిసిటీ జట్కా సిద్ధంగా ఉంది. రెండు పక్కలా పోస్టర్లు, నెత్తిన లౌడ్‌స్పీకరు, లోపల కరపత్రాల కట్టలు. కొత్త సినిమా నిండా రాక్షసులే. అందుకని ఇద్దరు మనుషులకు కొమ్ముల ముసుగులూ, నల్ల అంగీలూ తొడిగి జట్కాలో ఊరేగించాలన్న ఆలోచన గంగాధరదే. హిందూపురంలో జనం విరగబడ్డారు. పెనుకొండలో టిక్కెట్లు దొరక్క కొట్టుకున్నారు.

“ఆడ అందరూ నేతపనిలో ఉంటారు సార్. బజారు తిరిగితే చాలు.”

“ఏమబ్బా, బి.ఎ. చదివినావు, ఇదేనా నీ తెలివి? మగోడైతే ఒక్కడే వస్తాడు. ఆడమనిషి కదిలితే ఇల్లంతా కదిలొస్తాది. ఆ వీధి తిరగాల్సిందే. ఈ ఊర్లో గూడా హాలు నిండితే జిల్లా పబ్లిసిటీ అంతా నీ చేతిలో పెడతా. నిండలేదో, రేప్పొద్దున నీ దారి నీది, నా దారి నాది.”

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ వీధిలో ఐదో ఇల్లు గంగాధరదే మరి! “మావాడు కలెక్టరాఫీసులో కుర్చీ మీద కూచుంటాడు” అని వాళ్ళ నాయన వీధంతా చాటుకున్నాడు. చాటుకోడా? తాతముత్తాతలు పలక పట్టని ఇంట్లో మొదటి బి.ఎ.! కలెక్టరాఫీసని అబద్ధం చెప్పింది గంగాధరే. బి.ఎ. చేసి సినిమా బండెక్కి కేకలేస్తున్నాడని తెలిస్తే నాయన వీధిలో తల ఎత్తుకోగలడా? ఆ తలుపు కొట్టి మళ్ళీ లోపలికి పోయే మొహం తనకుంటుందా?

“సార్, ఒక రాక్షసుడి వేషం నేనే కట్టుకుంటా. మైకులో గూడా ముసుగులోంచే మాట్లాడతా.”

“భలే! ఇంకొక్క మనిషి చాలు, ఊర్లో ఎవర్నో మాట్లాడినాడంట జట్కావాడు.” దేవసహాయం సంబరంగా తలుపు తీశాడు. “ఆ చెప్పులు ఈడే విడిచి పో. రాక్షసులకు చెప్పులేందప్పా?”

గంగాధర ముసుగు తగిలించుకుని వట్టికాళ్ళతో వచ్చేసరికి రెండో రాక్షసుడు జట్కా వెనకవైపు తయారుగా కూర్చుని ఉన్నాడు. పలకరిస్తే తల ఊపాడే తప్ప నోరు విప్పలేదు.

“గొంతు పోయిందంట సామీ. పెదిమె విప్పడు” అన్నాడు జట్కా తోలే వెంకటేశులు.

బజారు బాగానే జరిగింది. గంగాధర గొంతు బొంగురు చేసి “నేడే చూడండి!” అని గర్జించాడు. వెనకాయన చేతులు గాల్లో ఆడించి పిల్లల్ని హడలగొట్టాడు. జట్కా మగ్గాల వీధి మలుపు తిరగ్గానే మాత్రం ఆ వెనకాయన ఎగిరి ముందుకొచ్చి వెంకటేశులు భుజం పట్టుకున్నాడు. వద్దు వద్దని రెండు చేతులూ అడ్డంగా ఊపాడు.

“ఏమప్పా, నీకేమన్నా దయ్యం పట్టిందా? మేనేజరు ఈ వీధి అన్నాడు, ఈ వీధే! పో, పోయి కూచో.”

ఆయన వెనక్కి పోయి కరపత్రాల కట్టల మధ్య ముడుచుకున్నాడు. తన భయం ఈయనకూ అంటుకుందేమో అనుకున్నాడు గంగాధర. అయినా అరిచాడు. అరవకపోతే ఉద్యోగం పోతుంది. అరిస్తే ఏమవుతుందో ఆ చౌడేశ్వరమ్మ తల్లికే తెలియాలి.

మొదటి ఇంట్లో మగ్గం టకటకమంటోంది. రెండో ఇంట్లోనూ అంతే. మూడు, నాలుగు దాటాయి. ఐదో ఇంట్లో చప్పుడే లేదు.

నాయన పోయిన వారమే ఉత్తరం రాయించాడు, “మగ్గం తీరిక లేకుండా ఆడతాండాది, మా గురించి దిగులు పడొద్దు” అని. అలాంటి మగ్గం మిట్టమధ్యాహ్నం ఎందుకాగింది? ఇంకెందుకు, కొడుకు గొంతు పోల్చుకున్నాడు! లేచి చేతులు దులుపుకుని ఉంటాడు. వీధిలోకి వస్తున్నాడు!

ఐదో ఇంటి తలుపు కిర్రుమంది. గంగాధర కళ్ళు మూసుకున్నాడు.

“ఓ బండబ్బా, రవ్వంత ఆపు!”

నాయన కాదు, అమ్మ. కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి జట్కాకు అడ్డం నిలబడింది. వెంకటేశులు కళ్ళెం లాగాడు. కరపత్రం కోసమేమోనని గంగాధర ఒకటి తీసి అందించాడు.

అమ్మ కాగితం తీసుకోలేదు. ముసుగు వంకా చూడలేదు. జట్కా మెట్టు మీద ఆన్చిన అతని పాదాలను చూసింది. తర్వాత మెల్లగా వెనక్కి నడిచి, కట్టల కిందినుంచి బయటికొచ్చిన రెండో రాక్షసుడి పాదాలను గూడా చూసింది. వెంట వచ్చిన పిల్లలు ఏం జరుగుతోందోనని చుట్టూ మూగారు.

మళ్ళీ ముందుకొచ్చింది. గంగాధర చేతిలోని మైకును గట్టిగా కొంగుతో మూసేసింది. అతనికి మాత్రమే వినబడేలా అంది:

“గంగాధరా, సంగటి చల్లారిపోతాంది. దిగప్పా. మీ నాయన్ను గూడా దింపుకోని రా.”