నటన రాని మెర్వ్

మెర్వ్ మూడోసారి కూడా చీటీ మీద "లేదు" అనే రాశాడు.

టెస్సాకి ఒళ్ళు మండిపోయింది.

హోబర్ట్ నగరంలోని ఆ శిక్షణ కేంద్రంలో మనసు వైద్యం నేర్చుకునేవాళ్ళ దగ్గరికి అసలు రోగుల కన్నా ముందు ఉత్తుత్తి రోగులు వస్తారు. ఊళ్ళో నాటకాలాడేవాళ్ళు కొందరు, ఉద్యోగాలు విరమించి ఖాళీగా ఉన్న పెద్దవాళ్ళు కొందరు. ఏదో ఒక పాత్రలో నలభై నిమిషాలు కూర్చుని మాట్లాడతారు. వెళ్ళేటప్పుడు చీటీ మీదున్న ఒకే ఒక్క ప్రశ్నకి జవాబు రాస్తారు.

"ఈమె మీ మాట విన్నదా?"

ఒక్క "అవును" అయినా రాకపోతే టెస్సా ఏడాది చదువు గంగలో కలిసినట్టే.

మెర్వ్ ఒకప్పుడు పడవ రేవులో టికెట్లు చింపినవాడు. మూడుసార్లూ అవే మాటలు చెప్పాడు, అక్షరం తేడా లేకుండా.

"జుట్టు కత్తిరించుకున్నాను. బాగుంది కదూ?"

ఆయన తల మీద వెంట్రుకలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. టెస్సా నవ్వు బిగబట్టుకుంది.

"గదంతా సర్దేశాను. పిల్లిని పక్కింటావిడకి ఇచ్చేశాను. దానికి అక్కడే హాయి."

"నిద్ర పడుతోందా?"

"బ్రహ్మాండంగా! ఈ వారమంతా ఎంత తేలిగ్గా ఉందో."

పుస్తకంలో ఉన్న ప్రశ్నలన్నీ టెస్సా అడిగింది. తలాడించాల్సిన చోటల్లా ఆడించింది. "మీ బాధ నాకర్థమవుతోంది" అని కూడా అంది.

"బాధా? అబ్బే, నేను బాగానే ఉన్నానండీ."

నలభై నిమిషాలూ అయిపోయాయి. చీటీ మీద మళ్ళీ "లేదు".

ఈసారి టెస్సా ఊరుకోలేదు. "ఏం వినలేదని? మీరు చెప్పిన ప్రతి ముక్కా రాసుకున్నాను, చూడండి!"

"రాసుకున్నావు తల్లీ. చక్కగా రాసుకున్నావు."

"మరి?"

"నా మొహం చూశావా?"

"అందులో ఏముందని చూడ్డానికి? ఏడవరు, కోప్పడరు. పిల్లి గోల, జుట్టు గోల! నటన రాకపోతే ఇంట్లో కూర్చోవచ్చుగా!"

నోరు జారిందని ఆమెకి ఆ క్షణమే తెలిసింది. కానీ పంతం అడ్డొచ్చి, క్షమించమని అడగలేదు.

మెర్వ్ మెల్లగా కోటు తొడుక్కున్నాడు.

"నిజమే తల్లీ. నాకు నటన రాదు."

తిన్నగా హెలీనా గదికి పోయింది టెస్సా. హెలీనా అక్కడ పెద్ద గురువు.

"ఆయన పాత్రలో అసలు కష్టమంటూ ఏదీ లేదు. లేని కష్టాన్ని నేనెక్కణ్ణుంచి వినను?"

హెలీనా మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

"సరే. నీకు ఇంకొకరిని పంపిస్తాను" అంది.

ఆ ఇంకొకరు నాటకాలావిడ. గుమ్మంలోనే ఏడుపు లంకించుకుంది. టెస్సా చేతిరుమాలు అందించింది. "అవును" వచ్చింది. చదువు గట్టెక్కింది.

ఆ ఏడాదే బర్నీ అనే ఊళ్ళో ఉద్యోగం దొరికింది. ఉద్యోగంలో చేరిన రెండో నెలలో డారిల్ అనే లారీ డ్రైవరు వచ్చాడు. నలభై దాటినవాడు. భార్య పోరు పడలేక వచ్చానని నవ్వుతూ చెప్పాడు.

"ఇప్పుడు దివ్యంగా ఉన్నాను. మా ఆవిడదంతా ఉత్త కంగారు. పడవ తమ్ముడికి ఇచ్చేశాను, చేపల గాలాలు కూడా. కాగితాలన్నీ ఓ పెట్టెలో సర్దేశాను."

రాసుకుంటున్న టెస్సా చెయ్యి ఆగిపోయింది. ఇంత తేలికపాటి గొంతు ఆమె ఇదివరకు మూడుసార్లు విన్నది.

కలం కింద పెట్టి, మొదటిసారి అతని మొహంలోకి చూసింది. పెదాలు నవ్వుతున్నాయి. కళ్ళు మాత్రం ఎప్పుడో వెళ్ళిపోయినట్టున్నాయి.

"డారిల్! చనిపోవాలనుకుంటున్నారా?"

అంత పెద్ద మనిషీ రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

ఆ రోజు టెస్సా గడియారం వైపు చూడలేదు. భార్యని పిలిపించింది, ఆసుపత్రికి తనే వెంట వెళ్ళింది. నెల తిరిగేసరికి డారిల్ తమ్ముడి దగ్గర్నుంచి పడవ వెనక్కి తెచ్చుకున్నాడు.

ఆ కబురు విన్న రోజే ఆమె హెలీనాకి ఫోన్ చేసింది.

"మెర్వ్ గారి నంబరు కావాలి. నేనాయన్ని క్షమాపణ అడగాలి. ఆయన వల్ల ఇక్కడ ఒక ప్రాణం నిలబడింది, అది కూడా చెప్పాలి."



"ఈస్టర్‌కి ముందే పోయాడు టెస్సా. గుండె ఆగిపోయింది."

ఎంతమాట అన్నాను, అనుకుంది టెస్సా. ఏడుస్తూనే అడిగింది.

"ఆ పాత్ర ఎవరు రాశారు? మీరేనా?"

"ఎవరూ రాయలేదు. ఒక టేపు విని ఆయనే కంఠతా పట్టాడు. నేను నీలాగా నేర్చుకునే రోజుల్లో మా దగ్గరికొచ్చినవాళ్ళ మాటలు వాళ్ళనడిగి టేపు చేసేవాళ్ళం. మెర్వ్ నా మీద కోర్టుకెక్కుతాడనుకున్నాను. ఎక్కలేదు. టేపు వినిపించమన్నాడు, అంతే. ఆ తర్వాత పదిహేడేళ్ళు మీలాంటివాళ్ళ ముందు కూర్చున్నాడు."

"ఎవరి టేపు?"

"వాళ్ళమ్మాయిది. మర్నాటికి ఆ పిల్ల లేదు."

హెలీనా అక్కడితో ఆపలేదు.

"ఆ రోజు ఆమె మాట వినాల్సినదాన్ని నేనే, టెస్సా."